‘ఫాస్ట్‌లీ’ తప్పట. మరి ‘తొందరగా’ అనడానికి ఇంగ్లీషులో ఏం రాయాలి?

మిర్చియార్డ్ — సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో చేస్తున్నాను. రోజంతా మెయిల్స్ రాయడమే పని.

నిన్న ఒక కస్టమర్‌కి ‘వుయ్ విల్ సాల్వ్ యువర్ ఇష్యూ ఫాస్ట్‌లీ’ అని రాశాను. మా టీమ్ లీడ్ దాన్ని మీటింగ్‌లో స్క్రీన్ మీద పెట్టి, అసలు ఫాస్ట్‌లీ అనే మాటే లేదన్నారు. ‘లీ’ తీసేసి ‘ఫాస్ట్’ అని మార్చాను. అదీ బాగోలేదన్నారు, ఎందుకో చెప్పలేదు. అప్పటి నుంచి ఏ మెయిల్ పంపాలన్నా టెన్షన్‌గా ఉంది.

స్లోకి స్లోలీ ఉంది, క్విక్‌కి క్విక్లీ ఉంది, రాపిడ్‌కి రాపిడ్లీ ఉంది. ఫాస్ట్‌కి మాత్రం ఎందుకు లేదు? ఇంకో సందేహం. ఫాస్ట్, క్విక్, రాపిడ్, స్విఫ్ట్, స్పీడీ, వీటన్నింటికీ డిక్షనరీలో ‘వేగమైన’ అనే ఉంది. ఏది ఎక్కడ వాడాలో తెలిసేదెలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


పాతపుస్తకం — సోమవారం, రాత్రి 10:25

అమ్మా, నేను రాజమండ్రిలో ఇంగ్లీషు లెక్చరర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను. ఫాస్ట్‌లీ రాయని బ్యాచ్ ఒక్కటీ చూడలేదు. కాబట్టి ముందు ఆ టెన్షన్ వదిలెయ్యి.

మనం ఆ తప్పు చేయడానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో ఏ మాటకైనా ‘గా’ చేరిస్తే క్రియకు అతుక్కుంటుంది. నెమ్మది, నెమ్మదిగా. చురుకు, చురుగ్గా. చివరికి ఇంగ్లీషు మాటలకు కూడా చేర్చేశాం: ఫాస్ట్‌గా, స్పీడ్‌గా, స్లోగా. ఇంగ్లీషు రాసేటప్పుడు మన చెయ్యి ఆ ‘గా’కి జోడీ వెతుకుతుంది. ‘లీ’ కనబడుతుంది, తగిలించేస్తాం. నీ తర్కం సరైనదే, ఆ మాటే దానికి లొంగదు.

ఎందుకు లొంగదంటే, పాత ఇంగ్లీషులో ఫాస్ట్‌ని క్రియకు చేర్చాలంటే చివర ఒక చిన్న అచ్చు పలికేవాళ్ళు. కాలక్రమంలో ఆ అచ్చు పలకడం మానేశారు. దాంతో రెండు రూపాలూ ఒకటైపోయాయి. అందుకే ‘ఎ ఫాస్ట్ కార్’ అన్నా ఫాస్టే, ‘హి రన్స్ ఫాస్ట్’ అన్నా ఫాస్టే. హార్డ్ కూడా ఇంతే. ‘హి వర్క్స్ హార్డ్’ అనాలి. ‘హార్డ్‌లీ’ ఉంది కానీ దానర్థం వేరు, ‘దాదాపు లేదు’ అని. ‘హి హార్డ్‌లీ వర్క్స్’ అంటే వాడు పనే చేయడని. ‘లేట్లీ’ అంటే ‘ఈమధ్య’. ఆఫీసుకి ఆలస్యంగా వచ్చానని చెప్పబోయి ‘ఐ కేమ్ లేట్లీ’ అనకూడదు.

ఆ మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. ఫాస్ట్ అంటే మొదట వేగం కాదు, ‘గట్టిగా, కదలకుండా’ అని. బిగించడాన్ని ‘ఫాసెన్’ అంటారు. గాఢనిద్ర ‘ఫాస్ట్ అస్లీప్’. ఉతికినా రంగు పోని బట్ట ‘కలర్‌ఫాస్ట్’. ఉపవాసాన్ని ఫాస్టింగ్ అనడం కూడా ఇందులోంచే, నియమాన్ని గట్టిగా పట్టుకోవడం. కదలకపోవడం కాస్తా వేగం ఎలా అయింది? గట్టిగా పరుగెత్తడం అనే మాట మీదుగా. మనమూ ‘గట్టిగా తొక్కరా సైకిలు’ అంటాం కదా, అదే దారి.

రెండో ప్రశ్న పెద్దది. మిగతావాళ్ళూ అందుకోవాలి.


కాజీపేట_జంక్షన్ — సోమవారం, రాత్రి 10:51

మాస్టారూ, ‘గా’ సంగతి భలే చెప్పారు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తట్టలేదు.

అక్కా, నాకు తెలిసింది రైళ్ళ భాష. కదిలే వస్తువు గురించైతే దాదాపు ఎప్పుడూ ఫాస్టే: ఫాస్ట్ ట్రైన్, ఫాస్ట్ కార్. క్విక్ ట్రైన్ అని ఎవరూ అనరు. మన రైల్వేలో ‘సూపర్‌ఫాస్ట్’ అన్న ముద్రకు లెక్క ఉంది. బ్రాడ్‌గేజ్ మీద రానూపోనూ సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు ఉంటే చాలు. సగటు అన్నది గమనించండి, ఆగిన సమయం కూడా కలిపి.

ముంబై లోకల్స్‌లో ఫాస్ట్, స్లో అని రెండు రకాలు ఉంటాయి. అక్కడ స్లో అంటే ఇంజిన్ మెల్లగా వెళ్తుందని కాదు, అన్ని స్టేషన్లలో ఆగుతుందని. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను స్లో బండి వదిలేసి ఫాస్ట్ ఎక్కాను. నేను దిగాల్సిన స్టేషన్ కళ్ళముందే దాటిపోయింది.

ఇక మెట్రోలని ఇంగ్లీషులో ‘రాపిడ్ ట్రాన్సిట్’ అంటారు. 2017 నవంబర్‌లో మొదలైన మన హైదరాబాద్ మెట్రో కూడా ఆ కోవలోదే. కానీ ఒక్క మెట్రో బండిని చూపించి ‘రాపిడ్ ట్రైన్’ అనడం నేను పెద్దగా వినలేదు. రాపిడ్ ఆ మొత్తం ఏర్పాటుకు పేరు, బండికి ఫాస్ట్. నాకు అర్థమైంది ఇదీ. తప్పైతే మాస్టారు దిద్దాలి.


మూడోస్లిప్ — సోమవారం, రాత్రి 11:15

క్రికెట్ కామెంటరీ వినండి, ఫాస్ట్‌కీ క్విక్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది. మన సిరాజ్ ఫాస్ట్ బౌలర్. కానీ బంతిని అటు తోసి గబుక్కున తీసే పరుగు ‘క్విక్ సింగిల్’. ఫాస్ట్ సింగిల్ అనరు. బౌలర్ విషయంలో చూసేది బంతి వేగం, సింగిల్ విషయంలో చూసేది ఎంత కొద్దిసేపట్లో పని అయిపోయిందన్నది. 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అక్తర్ వేసిన 161.3 కిలోమీటర్ల బంతి ‘ఫాస్టెస్ట్ డెలివరీ’. స్పిన్నర్ ఉన్నట్టుండి కాస్త వేగంగా వేస్తే మాత్రం ‘ద క్విక్కర్ వన్’. దీనికి కారణం నాకు తెలియదు, మాట మాత్రం అలాగే స్థిరపడింది.

చదరంగంలో రాపిడ్ ఉంది. ఒక్కొక్కరికి పది నిమిషాల కంటే ఎక్కువ, గంట కంటే తక్కువ సమయం ఇచ్చే ఆట. అంతకంటే వేగంగా ఆడేది బ్లిట్జ్, అది జర్మన్‌లో మెరుపుకు మాట. మన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ రాపిడ్ చాంపియన్. ఆమె ఎత్తుల కోసం యూట్యూబ్‌లో కామెంటరీ వింటూ ఉంటే ఇంగ్లీషు కూడా వచ్చేస్తుంది, నిజంగా.


మిర్చియార్డ్ — మంగళవారం, ఉదయం 7:05

ఇంతమంది రాస్తారని అనుకోలేదు. రాత్రంతా చదివాను. బండికి ఫాస్ట్, కొద్దిసేపట్లో అయ్యే పనికి క్విక్. ఇంతవరకు అర్థమైంది.

కానీ నా మెయిల్‌లో ‘ఫాస్ట్’ ఎందుకు బాగోలేదో ఇంకా తెలియలేదు. నేను తెలుగులో అనుకున్నది ‘మీ సమస్య తొందరగా పరిష్కరిస్తాం’ అని. అదే కదా రాశాను?


డాలస్_అమ్మ — మంగళవారం, ఉదయం 8:30

అమ్మాయ్, చిక్కంతా ఆ ‘తొందరగా’ దగ్గరే ఉంది. ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళయింది. నాకు అర్థం కావడానికే ఏడేళ్ళు పట్టింది.

మన తొందరగా ఒక్క మాట కాదు, దాని కింద నాలుగైదు మాటలు దాక్కున్నాయి. ‘ఇవాళ తొందరగా లేచాను’ అన్నప్పుడు అక్కడ వేగమే లేదు, మామూలు వేళకంటే ముందు అని. అది అర్లీ. ‘తొందరగా కలుద్దాం’ అంటే ఎక్కువ రోజులు కాకుండా అని, అది సూన్. ‘తొందరగా తిను, బస్సొస్తోంది’ అంటే క్విక్లీ, లేకపోతే ఉత్త ‘హరీ అప్’. ‘నాకు తొందరగా కోపం వస్తుంది’ అంటే? అక్కడ వేగమూ లేదు, సమయమూ లేదు. చిన్నదానికే వస్తుందని. అది ‘ఈజీలీ’. ‘మా పాపకి తొందరగా జలుబు చేస్తుంది’ అన్నా అంతే, ‘షి క్యాచెస్ కోల్డ్ ఈజీలీ’. మా పక్కింటావిడతో ‘ఐ వోక్ అప్ ఫాస్ట్ టుడే’ అన్నాను ఒకసారి. అలారం మోగగానే ఒక్క ఉదుటున లేచానని అనుకుందావిడ. నేను చెప్పాలనుకున్నది అయిదింటికే లేచానని.

ఇక నీ మెయిల్. ఫాస్ట్ రాస్తే వ్యాకరణం తప్పేమీ కాదు. కానీ అది కాస్త ఇంట్లో మాట్లాడుకునే మాటలా ఉంటుంది, పని ఎంత వేగంగా చేస్తారో చెబుతుంది. నీ కస్టమర్‌కి నీ చేతివేగంతో పని లేదు. ఆలస్యం చేయరు కదా, ఎప్పటికి అవుతుంది, ఈ రెండే ఆవిడకి కావాలి. ఆలస్యం లేకుండా అనడానికి ‘ప్రాంప్ట్లీ’ ఉంది. ఎప్పటికి అన్నదానికి ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ ఉంది. ముందు తెలుగులోనే అడుక్కో: ఇక్కడ తొందరగా అంటే నా ఉద్దేశం ఏంటి? అది తేలితే ఇంగ్లీషు మాట దానంతటదే వస్తుంది.


సిక్కోలు_నర్స్ — మంగళవారం, మధ్యాహ్నం 1:10

మా శ్రీకాకుళంలో తొందరగా అనం, ‘బేగి’ అంటాం. ‘బేగి రా’ అంటే పరుగెత్తుకు రమ్మనీ అవ్వొచ్చు, పొద్దుపోకముందే రమ్మనీ అవ్వొచ్చు. కాబట్టి డాలస్ అక్క చెప్పిన చిక్కు మాకూ ఉంది.

నేను ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. మా పనిలో ఈ మాటలు అటూ ఇటూ అయితే పేషెంట్‌కే కష్టం. వచ్చిన కొత్తలో హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పజెప్పేటప్పుడు, ఒక పేషెంట్ గురించి ‘హి ఈజ్ ఫాస్ట్’ అన్నాను. నాడి వేగంగా ఉందని నా ఉద్దేశం. విన్న సిస్టర్ ఆయన ఉపవాసంలో ఉన్నాడనుకుంది, ఎందుకంటే మర్నాడు ఆపరేషన్ ఉంది, ఫాస్టింగ్‌లో ఉంచే సమయం. రెండు నిమిషాల్లో తేలిపోయింది కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఏది వేగంగా ఉందో దాని పేరు పెట్టే చెబుతాను: ‘హిజ్ పల్స్ ఈజ్ రాపిడ్’, ఆ వెంటనే అంకె. పెద్దవాళ్ళకి విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండాలి. 100 దాటితే దాన్ని టాకీకార్డియా అంటాం. ‘టాకీ’ అన్నది గ్రీకులో వేగానికి మాట. మరీ తగ్గితే బ్రాడీకార్డియా, ‘బ్రాడీ’ అంటే నెమ్మది.

రోగి పరిస్థితి చూస్తుండగానే దిగజారితే రాపిడ్లీ అని రాస్తాం. రాపిడ్ అంటే నాకు కళ్ళముందు మారిపోతున్నదేదో కనిపిస్తుంది. కోలుకోమని కార్డు మీద రాసేటప్పుడు మాత్రం ఎప్పుడూ ‘స్పీడీ రికవరీ’. ఎందుకో రాపిడ్ రికవరీ అని కార్డు మీద చూడలేదు.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైన మాట: బ్రిస్క్. నడవమని చెప్పేటప్పుడు ‘ఫాస్ట్ వాక్’ అనం, ‘బ్రిస్క్ వాక్’ అంటాం. గుర్తు ఏంటంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మా అమ్మకి ఫోన్‌లో ‘చురుగ్గా నడు’ అని చెబుతాను. బ్రిస్క్‌కి అంతకంటే మంచి తెలుగు లేదు.


అనంతపురం_సైన్స్ — మంగళవారం, సాయంత్రం 6:20

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. తెలుగు మీడియం పుస్తకాల్లో స్పీడ్‌ని ‘వడి’ అంటాం, వెలాసిటీని ‘వేగం’ అంటాం. వేగానికి దిశ కూడా ఉంటుంది, వడికి ఉండదు. యాక్సిలరేషన్‌కి ‘త్వరణం’ అనే మాట ఉంది, ‘త్వర’లోంచి వచ్చింది. యాక్సిలరేషన్‌లో ఉన్నది కూడా లాటిన్‌లో త్వర అనే అర్థం ఉన్న మాటే. ఈ పని చేసినవాళ్ళు రెండు భాషల వేర్లూ చూసి చేశారని ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను.

పిల్లలు రాసే వాక్యాల్లో నేను ఎక్కువగా దిద్దేవి రెండు. ‘ద బస్ వెంట్ ఇన్ 60 స్పీడ్’ అని రాస్తారు. ‘ఎట్ ఎ స్పీడ్ ఆఫ్ 60 కిలోమీటర్స్ పర్ అవర్’ అనాలి. వేగానికి ముందు వచ్చేది ‘ఎట్’. రెండోది ‘ద స్పీడ్ ఈజ్ ఫాస్ట్’. బండి ఫాస్ట్, వడి మాత్రం హై. ధర ఎక్కువైతే ‘ద ప్రైస్ ఈజ్ హై’ అన్నట్టే. ‘వెరీ ఫాస్ట్ స్పీడ్’ అని రాస్తే కొట్టేస్తాను.

మా వైపు ‘బిర్న రా’ అంటారండీ. బేగి విని గుర్తొచ్చింది.


డాలస్_అమ్మ — మంగళవారం, సాయంత్రం 6:48

సార్, ‘ఫాస్ట్ స్పీడ్’ ఇక్కడివాళ్ళు కూడా మాటల్లో అంటూనే ఉంటారండీ. ఇంటర్నెట్ గురించైతే మరీను.


అనంతపురం_సైన్స్ — మంగళవారం, సాయంత్రం 7:02

అంటారమ్మా, కాదనను. కానీ పరీక్ష పేపర్ మీద, ఆఫీసు మెయిల్‌లో ‘హై స్పీడ్’ రాస్తే ఎవరూ వేలు పెట్టలేరు. మా పిల్లలకి మార్కులు ముఖ్యం.


కాజీపేట_జంక్షన్ — మంగళవారం, రాత్రి 8:15

మాస్టారూ, ఒక డౌట్. రోడ్డు మీద బోర్డులన్నీ ‘గో స్లో’ అని ఉంటాయి. ‘గో స్లోలీ’ అనాలి కదా? రైల్వే క్వార్టర్స్ గేటు దగ్గరైతే ‘డెడ్ స్లో’. చిన్నప్పుడు అది చదివి, మెల్లగా వెళ్ళకపోతే చస్తారని అర్థం అనుకునేవాణ్ణి.


పాతపుస్తకం — మంగళవారం, రాత్రి 9:30

గో స్లో తప్పు కాదు నాయనా. స్లో కూడా ఫాస్ట్ లాంటిదే, అలాగే క్రియకు చేరగలదు. తేడా ఏంటంటే స్లోకి ‘స్లోలీ’ అనే రెండో రూపం కూడా బతికి ఉంది. బోర్డు మీద, మాటల్లో, కదలికను చెప్పే క్రియల పక్కన ‘స్లో’ చెల్లుతుంది. రాతలో స్లోలీ రాస్తే నిశ్చింత. క్విక్ కూడా అంతే: ‘కమ్ క్విక్’ అని పిలవచ్చు, ఉత్తరంలో క్విక్లీ రాయాలి. డెడ్ స్లోలో డెడ్ అంటే ‘పూర్తిగా’ అని. ‘డెడ్ టైర్డ్’ అన్నట్టు.

క్విక్ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్ళు పులకరించేది. క్విక్ అంటే మొదట వేగం కాదు, ‘ప్రాణమున్న’ అని. పాత ఇంగ్లీషు బైబిల్లో ‘ద క్విక్ అండ్ ద డెడ్’ అంటే బతికున్నవారూ చనిపోయినవారూ. పాదరసాన్ని ‘క్విక్‌సిల్వర్’ అన్నారు, ప్రాణమున్న వెండి, పళ్ళెంలో పోస్తే పాకుతుంది కదా మరి. గోరు కింద తగిలితే ప్రాణం పోయినట్టుండే లేత చర్మాన్ని ఇప్పటికీ ‘ద క్విక్’ అంటారు. అసలు విశేషం ఇదీ: ఈ క్విక్, సంస్కృతంలోని ‘జీవ’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. లాటిన్‌లో ‘వీవుస్’ కూడా ఆ కుటుంబమే. మనం జీవం, జీవితం అన్న ప్రతిసారీ క్విక్‌కి దూరపు చుట్టాన్నే పలుకుతున్నాం.

అందుకే క్విక్‌లో చురుకుదనం ఉంటుంది. ‘క్విక్ మైండ్’, ‘క్విక్ లెర్నర్’, ‘క్విక్ రిప్లై’. రాపిడ్ వచ్చింది లాటిన్‌లో ‘లాక్కుపోవు’ అనే క్రియ నుంచి. వరద లాక్కుపోయినట్టు. నదిలో నీళ్ళు రాళ్ళ మధ్య ఉరకలెత్తే చోటుని ‘రాపిడ్స్’ అంటారు. నర్సమ్మ చెప్పిన ‘కళ్ళముందు మారిపోతున్నది’ అన్న భావన అక్కడిదే. స్పీడ్‌కి పాత అర్థం ‘సాఫల్యం, శుభం’. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకి ‘గాడ్‌స్పీడ్’ అంటే వేగంగా వెళ్ళమని కాదు, క్షేమంగా జయంగా వెళ్ళమని. స్పీడీ రికవరీలో ఆ శుభాకాంక్ష వాసన ఇంకా ఉందని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

స్పీడీ ఇంకోచోట స్థిరపడింది, కోర్టులో. అమెరికా రాజ్యాంగం ఆరో సవరణలో ‘స్పీడీ అండ్ పబ్లిక్ ట్రయల్’ అనే మాట ఉంది. మన సుప్రీంకోర్టు కూడా 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో ‘స్పీడీ ట్రయల్’ మన రాజ్యాంగం 21వ అధికరణంలో, అంటే జీవించే హక్కులో, భాగమే అంది. బీహార్ జైళ్ళలో విచారణ లేకుండా ఏళ్ళ తరబడి మగ్గినవాళ్ళ కేసు అది. అదే లక్ష్యంతో పెట్టిన కోర్టులకు మాత్రం ‘ఫాస్ట్ ట్రాక్’ అని పేరు. ట్రాక్ మీద పరుగెత్తించాలి కాబట్టి ఫాస్ట్. విచారణ స్పీడీ, దారి ఫాస్ట్. ఏ మాట దేని పక్కన కూర్చుంటుందో జంటలుగా నేర్చుకోవడమే పద్ధతి అమ్మా. ఒంటి మాటల జాబితా బట్టీపట్టి లాభం లేదు.


మిర్చియార్డ్ — బుధవారం, ఉదయం 7:15

మాస్టారూ, క్విక్, జీవ చుట్టాలా! ఆఫీసులో నలుగురికి చెప్పాను.

ఇంకో ప్రశ్న. స్లో సంగతి. మా హాస్టల్లో కేరళ అమ్మాయికి ‘ప్లీజ్ స్లో ద టీవీ సౌండ్’ అన్నాను. ఆమెకి అర్థమైంది కానీ, అలా అనరు అంది. ‘ఫ్యాన్ స్లో చెయ్యి’ కూడా అనకూడదా?


సిక్కోలు_నర్స్ — బుధవారం, మధ్యాహ్నం 12:40

రెండింటికీ ‘టర్న్ ఇట్ డౌన్’. టీవీ సౌండ్ విషయంలో మనం చూసేది వేగం కాదు కదమ్మా, ఎక్కువ తక్కువలే. ఫ్యాన్ నిజంగానే తిరుగుతుంది, అయినా టర్న్ డౌనే అంటారు.

ఇక్కడ కూడా మన తెలుగే కారణం. మన ‘నెమ్మదిగా’ తొందరగా లాంటిదే. ‘నెమ్మదిగా చెప్పండి, రాసుకుంటున్నా’ అంటే స్లోలీ. ‘నెమ్మదిగా మాట్లాడు, పాప పడుకుంది’ అంటే సాఫ్ట్లీ. ‘తలుపు నెమ్మదిగా వెయ్యి’ అంటే జెంట్లీ. ‘ఇప్పుడు ఒంట్లో నెమ్మదిగా ఉంది’ అంటే అసలు వేగమే కాదు, ‘ఐ యామ్ ఫీలింగ్ బెటర్’. ఒక తెలుగు పెద్దాయన మా వార్డులో ‘నౌ ఐ యామ్ స్లో’ అన్నారు. డాక్టర్ కంగారుపడి బీపీ చూశారు. నేను పక్కనే ఉండబట్టి సరిపోయింది.


డాలస్_అమ్మ — బుధవారం, రాత్రి 8:05

నర్స్ చెల్లెమ్మా, ఆ ‘ఐ యామ్ స్లో’ నా గుండెల్లో ముల్లు గుర్తుచేసింది. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఇంకో తల్లికి పనికొస్తుంది.

మావాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు టీచర్‌తో మీటింగ్. వాడు ఏదైనా నింపాదిగా చేస్తాడు. అన్నం గంటసేపు తింటాడు, బొమ్మకు రంగు వేస్తే గీత దాటకుండా వేస్తాడు. అదంతా ఒక్క మాటలో చెబుతున్నాననుకుని ‘మై సన్ ఈజ్ స్లో’ అన్నాను. టీచర్ మొహం మారిపోయింది. మనిషి గురించి ఉత్తగా స్లో అంటే బుద్ధి మందం అని అర్థమట. వాళ్ళు వాడికి పరీక్షలు చేయిస్తామన్నారు, నాలుగు వారాలు మేం నిద్రపోలేదు. చివరికి అంతా బాగానే ఉందని తేలింది. కానీ నా నోటిమాట వల్ల వాడు ఆ గదుల్లో కూర్చోవాల్సి వచ్చింది కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పుడు అనాల్సింది ‘హి టేక్స్ హిజ్ టైమ్’ అని. లేదా ఏ పనిలోనో దాన్ని చేర్చాలి: ‘హి ఈజ్ ఎ స్లో ఈటర్’. తినడం పక్కన పెడితే స్లో బుద్ధి మీదికి వెళ్ళదు. నింపాది, నిదానం మనకు మంచి గుణాలు. ‘నిదానమే ప్రధానం’ అని పెరిగాం. ఆ గౌరవం స్లో అనే మాటలో లేదు. ‘కామ్’, ‘కేర్‌ఫుల్’, ‘అన్‌హరీడ్’ అంటే ఉంటుంది.


పాతపుస్తకం — బుధవారం, రాత్రి 9:10

తల్లీ, మీరు రాసింది నా పాఠాలన్నింటికంటే విలువైనది. ‘డెలిబరేట్’ అనే మాట కూడా ఉంది. ఆలోచించి, తొణకకుండా చేసేవాడని. మన నిదానానికి దగ్గర. ధరలైనా రోగమైనా కొంచెం కొంచెంగా మారితే స్లోలీ కంటే ‘గ్రాడ్యువల్లీ’ బాగుంటుంది. కదలాల్సింది బద్ధకంగా కదిలితే, వ్యాపారమైనా మురుగుకాలువైనా, ‘స్లగ్గిష్’.


మూడోస్లిప్ — గురువారం, ఉదయం 10:00

నాకు ఎప్పటి నుంచో ఒక బాధ ఉంది. తెలుగులో గబగబా, చకచకా, బిరబిరా, తుర్రున, రివ్వున, చటుక్కున అని ఎన్ని ఉన్నాయో. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అన్నీ క్విక్లీ అయిపోతాయి. ‘గబగబా తిన్నాడు’, ‘హి ఏట్ క్విక్లీ’. ఆ గబగబ ఎక్కడికి పోయింది?


పాతపుస్తకం — గురువారం, మధ్యాహ్నం 3:30

క్రియలోకి పోయింది! మనం క్రియను మామూలుగా ఉంచి, ముందు చప్పుడు చేసే మాట పెడతాం. వాళ్ళు ఆ చప్పుడంతా క్రియలోనే పెట్టేస్తారు. గబగబా తినడం ‘గాబుల్’ లేదా ‘వుల్ఫ్ డౌన్’, తోడేలు తిన్నట్టు. గటగటా తాగడం ‘గల్ప్ డౌన్’. పిచ్చుక తుర్రుమంటే ‘డార్ట్’. బైకు రయ్యిన పోతే ‘జూమ్’. పాము జరజరా పాకితే ‘స్లిదర్’. పద్యం గడగడా అప్పజెబితే ‘రాటిల్ ఆఫ్’. కాబట్టి చకచకా లాంటి మాట ఇంగ్లీషులోకి తేవాలంటే విశేషణం వెతకొద్దు, క్రియ మార్చు.


కాజీపేట_జంక్షన్ — గురువారం, సాయంత్రం 5:45

అయితే ప్యాసింజర్ బండి డేకుతున్నట్టు పోవడం ‘క్రాల్’. నత్తనడక మాత్రం రెండు భాషల్లోనూ నత్తదే, ‘స్నెయిల్స్ పేస్’. మెడ విరిగే వేగానికి ‘బ్రేక్‌నెక్ స్పీడ్’ ఉంది. మనం ‘తల తెగిపోయేలా’ అనం, ‘ఒళ్ళు తెలియకుండా తోలాడు’ అంటాం.


అనంతపురం_సైన్స్ — గురువారం, సాయంత్రం 6:30

‘చటుక్కున’ ఒక్కటి కుదరడం లేదు మాస్టారూ. ‘చటుక్కున చెయ్యి లాక్కున్నాడు’. స్నాచ్ అంటే ఇంకొకరి నుంచి లాక్కున్నట్టుంది.


పాతపుస్తకం — గురువారం, రాత్రి 8:50

‘హి జెర్క్‌డ్ హిజ్ హ్యాండ్ అవే’. జెర్క్‌లో ఆ చటుక్కు ఉంది. పూర్తిగా సరిపోయిందని అనను. సార్ చెప్పినట్టు కొన్ని కుదరవు.


మిర్చియార్డ్ — శుక్రవారం, రాత్రి 9:20

ఈ వారం నేర్చుకున్నదానితో ఇవాళ ఒక మెయిల్ రాశాను. ఒకావిడకి డబ్బు రెండుసార్లు కట్ అయింది, చాలా కోపంగా ఉంది. మొదట ‘వుయ్ విల్ రిఫండ్ ప్రాంప్ట్లీ’ అని రాశాను. డాలస్ అక్క ప్రశ్న గుర్తొచ్చింది: ఇక్కడ తొందరగా అంటే నా ఉద్దేశం ఏంటి? ఆవిడకి కావాల్సింది ఎప్పుడు అని. అకౌంట్స్ వాళ్ళని అడిగి, విశేషణాలన్నీ తీసేసి, ‘యు విల్ రిసీవ్ ద రిఫండ్ బై 4 పీఎం ఆన్ మండే’ అని రాశాను. ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ కూడా పెట్టలేదు. ‘ఎట్ ది అర్లియెస్ట్’ అని రాయబోయాను కానీ అది మన దేశంలోనే ఎక్కువ వాడతామని మా లీడ్ చెప్పారు. ఆవిడ ఉండేది కెనడాలో.

లీడ్ చదివి ఏమీ మార్చకుండా పంపమన్నారు.

గంటలో జవాబొచ్చింది. ఒకే వాక్యం: ‘థాంక్స్ ఫర్ ద క్విక్ రిప్లై.’ ఫాస్ట్ అనలేదు, రాపిడ్ అనలేదు. మాస్టారు చెప్పిన జంటే!


సిక్కోలు_నర్స్ — శుక్రవారం, రాత్రి 10:02

చాలా సంతోషం అమ్మా. సోమవారం నాలుగింటికి ఆ డబ్బు ఆవిడకి చేరిందో లేదో చూసి ఇక్కడ రాయి, బేగి.